శాలువా కప్పాక అడిగిన ప్రశ్న

ఈ మధ్య నేను అమలాపురం మార్కెట్లో వంకాయలు ఏరుకుంటున్నా సరే, ఎవరో ఒక పాత విద్యార్థి స్కూటరు ఆపి అడుగుతాడు. "మాస్టారూ, ఈ కృత్రిమ మేధ వచ్చేక మా ఉద్యోగాలు ఉంటాయాండీ?" చేతిలో కూరల సంచి పట్టుకున్నవాణ్ణి ఇంత పెద్ద సంగతి అడగొచ్చా అని ఆలోచించరు. తప్పు వాళ్లది కాదు. ముప్పై ఏళ్లపాటు రాబోయే కాలం గురించి మాట్లాడటమే నా ఉద్యోగం. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఒక పొరపాటు కథ మాత్రం ఉంది. రోడ్డు మీద నిలబడి చెప్పడానికి కాస్త పొడుగు కనక ఇక్కడ రాస్తున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పడానికి చేరాను. చేరిన కొన్నేళ్లకే ఆ శాస్త్రం చదివేవాళ్లు కరువైపోయారు. ఒక ఏడాది కాలేజీ తెరిచేసరికి మా విభాగంలో నేనూ, ఒక బల్లా, ఒక ఫ్యానూ మిగిలాం. ఆ ఫ్యాను కెమిస్ట్రీ వాళ్లు అడుగుతున్నారని ప్రిన్సిపాల్ గారు మెత్తగా చెప్పారు. ఆయన మంచివారు. "మాస్టారూ, మీ పాఠంలో ఎక్కడో ఒకచోట కంప్యూటరు అన్న మాట పెట్టండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు.

అలా నెల్లాళ్లు లైబ్రరీలో కూర్చుని 'సాంకేతికత, మానవ ప్రగతి' అనే పాఠ్యాంశం తయారుచేశాను. కొత్త యంత్రం వచ్చినప్పుడు మనిషికి ఏం పెరుగుతుంది, ఏం తరుగుతుంది అన్నది దాని సారాంశం. పొట్టకూటి కోసం మొదలుపెట్టిన మాట నిజమే గాని, రెండేళ్లు తిరిగేసరికి దాని పిచ్చిలో పూర్తిగా పడిపోయాను. ఉపగ్రహాలు, రోబోలు, కొత్త రకం విత్తనాలు, ఏ పత్రికలో ఏం కనిపించినా కత్తిరించి అట్టలకు అంటించుకునేవాణ్ణి. కొత్తపేట నుంచి రాజోలు దాకా ఏ కాలేజీలో వార్షికోత్సవం జరిగినా రాబోయే కాలం మీద నా ఉపన్యాసం ఉండాల్సిందే. మా ఆవిడ మాత్రం ఇంట్లో గ్యాసు ఎప్పుడు అయిపోతుందో ముందుగా చెప్పగలిగితే చాలనేది.

నేను చెప్పిన జోస్యాల సంగతి దాచను. ఎస్టీడీ బూత్‌లు వీధికి రెండు వస్తాయని ఒక సభలో ఘంటాపథంగా చెప్పాను. అది విని నా విద్యార్థి ఒకడు ఉన్నదంతా పెట్టి బూత్ తెరిచాడు. మూడేళ్లలో మూసేశాడు. తర్వాత అదే గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఇప్పటికీ నేను కనిపిస్తే లేచి నిలబడి "అంతా మీ దయేనండి" అంటాడు. వెటకారమేమో అని మొహంలోకి తేరిపార చూశాను గాని, కాదు. మా వైపు మనుషులు అంతే. పెద్దవాడు చెప్పింది తప్పయినా, ఆ తప్పును అతని మొహాన పెట్టి చెప్పరు. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసినవాణ్ణే, సమయానికి మర్చిపోయాను.

మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకాయన ఉండేవారు. మధ్యాహ్నం ఇద్దరం క్యారేజీలు కలిపి తినేవాళ్లం. "మీరు చెప్పే భవిష్యత్తు బానే ఉంటుందండి. తేదీ దగ్గరే తేడా కొడతాది" అనేవారు నా కూర తింటూ. అలా దెబ్బలు తిని తిని, చివరి పదేళ్లలో నా వైఖరి మారింది. ఏం వస్తుందో చెప్పడం మానేసి, ఏం పోతుందోనని బాధపడటం మొదలుపెట్టాను. అందులో తప్పు పట్టుకోవడం ఎవరికైనా కష్టం. పైగా సభల్లో చప్పట్లు ఎక్కువ.

రిటైరవడానికి ఏడాది ముందు జరిగింది ఈ కథ. ఇంజనీరింగు కాలేజీలో పనిచేసే ఒకమ్మాయి తన విద్యార్థులతో కలిసి కొబ్బరిచెట్టు ఎక్కే యంత్రం తయారుచేసింది. అది చెట్టు మొదలు చుట్టూ బిగించుకుని రబ్బరు చక్రాల మీద పైకి పాకుతుంది. దాని తలమీద ఒక కెమెరా, ఒక రంపం. కింద నిలబడ్డ మనిషి చేతిలో బొత్తాలున్న పెట్టె. దాన్ని ఏడాదిపాటు ఒక ఊరికి ఉచితంగా ఇచ్చి చూడటానికి ఒక సంస్థ ముందుకొచ్చింది. షరతు ఒకటే. దానివల్ల మనుషులకు మంచి జరుగుతుందా, చెడు జరుగుతుందా అన్నది బయటి మనిషి ఒకరు ఊరివాళ్లను అడిగి నివేదిక రాయాలి. వద్దని రాస్తే యంత్రం వేరే జిల్లాకు పోతుంది. ఇలాంటి పనికి జిల్లాలో తగినవాడెవడని వెతికితే నేను దొరికాను.

ఆ ఊరు మామిడికుదురు నుంచి లోపలికి వెళ్తే వస్తుంది. కాయ కోయడాన్ని మా వైపు దింపు అంటారు. దాని మీద బతికే కుటుంబాలు అక్కడ ఓ పదిహేను ఉంటాయి. మా ఫిజిక్సు మిత్రుణ్ణి స్కూటరు వెనక ఎక్కించుకుని వెళ్లాను.

సర్పంచ్ గారు షామియానా వేయించారు. గోదావరి వైపు మనిషిని పిలిచాక ఒట్టి చేతులతో పంపరు, ఒట్టి భుజాలతో అసలే పంపరు. ముందు శాలువా, తర్వాత దండ, తర్వాత ఒక జ్ఞాపిక. దండ వేసింది దింపువాళ్లందరిలోకీ పెద్దాయన. యాభై దాటిన మనిషి, చేతులు చెట్టు బెరడులా గట్టిగా ఉన్నాయి. ఆయన్ని పక్కన నిలబెట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడాను. "ఈయన పాదాల్లో ఒక జ్ఞానం ఉంది. ఏ చెట్టు ఎక్కడ నునుపో, ఎక్కడ పట్టు దొరుకుతుందో ఆ పాదాలకు తెలుసు. అది ఏ బడిలోనూ దొరకదు" అన్నాను. షామియానా అదిరేలా చప్పట్లు కొట్టారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది ఆ పెద్దాయనే.

అప్పుడు అడిగాను. "ఇప్పుడు చెప్పండి, యంత్రం కావాలా, వద్దా? మొహమాటం ఏమీ వద్దు." శాలువా భుజాన వేసుకుని, మెళ్లో దండతో, మొహమాటం వద్దని అడిగాను.

"తమరు అంత చెప్పేక ఇంకేం ఉంటాదండీ" అన్నారొకరు.

"ఆయ్, మీరెలాగంటే అలాగేనండి" అన్నారు మిగతావాళ్లు.

యంత్రం వద్దని ఊరు ఏకగ్రీవంగా నిర్ణయించిందని పుస్తకంలో రాసుకున్నాను. వెనక బల్ల మీద తన యంత్రాన్ని పెట్టుకుని కూర్చున్న ఇంజనీరింగు అమ్మాయి మొహం చిన్నబోయింది. అయినా దగ్గరికొచ్చి "చాలా బాగా మాట్లాడారు సార్" అంది. తర్వాత వేడివేడి బజ్జీలు పెట్టారు. నాలుగు తిన్నాను.

తిరిగొస్తుంటే వెనక కూర్చున్న మిత్రుడు అడిగారు. "మాస్టారూ, ఇందాక మీరు వాళ్లని అడిగేరా, వాళ్లకి చెప్పేరా?" శాలువా నాకొక్కడికే కప్పారని ఆయనకు మంటగా ఉందనుకున్నాను. పాశర్లపూడి దాటేదాకా మాట్లాడలేదు.

పాదాల మాటతో సహా నివేదిక ఆ రాత్రే రాసేశాను. దానికి ఊరివాళ్ల సంతకాలు జతచేయాలి. సన్మానం హడావిడిలో ఆ కాగితం సంచిలోనే ఉండిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఒక పొద్దున, ఎవరికీ చెప్పకుండా, పాత చొక్కా వేసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. సర్పంచ్ గారు ఇంట్లో లేరు. దింపువాళ్లు కాలవ అవతలి తోటలో ఉన్నారంటే అక్కడికి నడిచాను. నలభై ఐదేళ్ల ఆవిడ రాలిన కాయలు రాశి పోస్తోంది. చెట్టు మీద ఎవరో ఉన్నారు. ఆవిడ చేతులు పని చేస్తున్నాయి గాని కళ్లు పైనే ఉన్నాయి.

"కొట్టు నించి కాయ చూడ్డానికి వచ్చేరాండీ? ఇంకా దింపు అవలేదండి. అలా కూకోండి" అని ఒలిచిన కొబ్బరి డొక్కల గుట్ట చూపించింది. కాదని చెప్పే లోపలే పైకి కేక వేసింది. "అది కాదు, దాని పక్క గెల." పక్క గెలే పడింది.

"కింద నుంచి నీకెలా తెలుస్తుందమ్మా?" అన్నాను.

"ఇరవై ఏళ్ల నించీ నేను చెప్తానండి, ఆయన కోస్తారండి. పైనున్నోళ్లకి ఆకుల్లో సరిగా కనపడదు కదండీ."

ఉపన్యాసకుడి బుద్ధి ఊరుకోదు. మొన్న ఇక్కడ యంత్రం గురించి ఏదో మీటింగు జరిగిందట కదా అని, తెలియనట్టు అడిగాను. నిజం చెప్పాలంటే పొగడ్త కోసం అడిగాను.

"ఆయ్, జరిగిందండి. మేం ఆడోళ్లం షామియానా ఎనకాల బజ్జీలు ఏస్తన్నామండి. మైకులో విన్నాను. ఎవరో మాస్టారుగారంటండి, ఎంత బాగా మాటాడేరో. మా ఆయన పాదాల్లో జ్ఞానం ఉందన్నారండి."

"లేదంటావా?"

"ఉందండి. మోకాళ్లలో నొప్పి కూడా ఉందండి. ఆ సంగతి పాపం ఆయనకి ఎవరు చెప్తారు?"

నేను కూర్చున్న డొక్కలు గుచ్చుకోవడం మొదలుపెట్టాయి. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. కిందటి వానాకాలంలో ఆయన పాదం జారిందట. చేతికి కొబ్బరి మట్ట దొరికింది గనక బతికాడట. అప్పటినుంచి ఆయన చెట్టు మీదుంటే తనకు మంచినీళ్లు కూడా గొంతు దిగవట. ఇంకో వానాకాలం వచ్చేస్తోంది, మళ్లీ ఎక్కుతానంటున్నాడు.

"మరి యంత్రం కావాలని ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా?"

"శాలువా కప్పినాయనకి ఎదురు చెప్తే ఊరికి మర్యాదేనాండీ?" అంది. నేను ఏదో అర్థంలేని మాట అన్నట్టు చూసింది. "అయినా ఆ పెట్టికి మా ఇంట్లో టీవీకున్నన్ని బొత్తాలు కూడా లేవండి. ఇస్తే నేను నొక్కనాండీ?"

ఈలోగా చెట్టు మీది మనిషి దిగాడు. నాకు దండ వేసిన పెద్దాయనే. నన్ను చూడగానే భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని "మాస్టారుగారూ, తమరాండీ" అన్నాడు. ఆవిడ నా వంక, తర్వాత తన భర్త వంక చూసింది.

"ముందే చెప్పొద్దాండీ. బొండం కొట్టిద్దును కదా" అంది.

యంత్రం కావాలా అని ఆయన్ని నేరుగా అడిగాను. "మీరెలాగంటే అలాగేనండి" అన్నాడు. ఆవిడ తల దించుకుని కాయలు సర్దుకుంటోంది. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు. సంతకాల కాగితం సంచిలోంచి తీయకుండానే వచ్చేశాను.

సాయంత్రం ఫిజిక్సు మిత్రుడింటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన వెక్కిరిస్తారనుకున్నాను. "నివేదిక పంపేసేరా?" అన్నారు. లేదు, సోమవారం దాకా గడువుందన్నాను. "అయితే ఇంకా తప్పు అవలేదండి. దిద్దుకుందాం" అని కాఫీ తెప్పించారు. అంతకుముందు స్కూటరు మీద మాట్లాడకుండా వచ్చినందుకు క్షమాపణ చెప్పుకున్నాను. నేను మాట్లాడకుండా ఉండటం ఆయనకు హాయిగానే ఉందట.

సర్పంచ్ గారికి ఫోను చేసి ఆదివారం మళ్లీ సమావేశం పెట్టమన్నాను. వేదిక వద్దు, దండ వద్దు, శాలువా అసలే వద్దు. బజ్జీలు మగవాళ్లు వేయాలి. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి.

"శాలువా లేపోతే ఎలాగండీ? ఊరికి తలవంపులండి" అని బాధపడ్డారు ఆయన. "పోనీ, ఓ చిన్న కండువా?"

కండువా కూడా వద్దన్నాను. ఇది చదివే మీలో ఎవరికైనా రేపు ఇలాంటి పని పడితే, సన్మానం పని అయ్యాక చేయించుకోండి. వద్దంటే బాధపడతారు కనక, వాయిదా వేయించండి.

ఆదివారం మైకు ఫిజిక్సు మిత్రుడి చేతికిచ్చి నేను షామియానా వెనకకు పోయాను. అక్కడ పొయ్యి దగ్గర నాకు అరటికాయలు చెక్కుతీసే పని ఇచ్చారు. మాస్టారు ఎక్కడని ఒకరిద్దరు అడిగారు. బజ్జీలు వేస్తున్నాడనేసరికి నవ్వులు వినిపించాయి. ఆ నవ్వులతో నోళ్లు తెరుచుకున్నాయి.

"దింపుకి మనుషులు దొరక్క కాయ చెట్టునే రాలిపోతందండి. యంత్రం వస్తే మంచిదే" అన్నాడొక రైతు.

"మంచిదేనండి, మీకు. మీరు అదెట్టుకున్నాక మమ్మల్ని ఎవరు పిలుస్తారండీ?" అన్నాడొక దింపు కుర్రాడు. వాడి గొంతు వణికింది. ఇంకెవరో వాణ్ణి కూర్చోమన్నారు, ఎందుకు కూర్చోవాలని మరొకరు లేచారు. అరుపులు, కేకలు. మా మిత్రుడు "ఒకరి తర్వాత ఒకరండి" అని మైకులో బతిమాలుతున్నారు. పొయ్యి దగ్గర నేను మాత్రం పండగ చేసుకుంటున్నాను. వారం క్రితం ఏకగ్రీవంగా ఉన్న ఊరు ఇదే.

అప్పుడు మైకు కీచుమంది. తోటలో విన్న గొంతే.

"కావాలా వద్దా, కావాలా వద్దా అని అడుగుతున్నారండి అందరూ. అది ఎవరింట్లో ఉంటాదో ఒక్కరూ అడగలేదండి. రైతుల సావిట్లో పెడితే మాకొద్దండి. దింపోళ్ల ఇళ్ల కాడ పెడితే కావాలండి. అంతేనండి."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ముప్పై ఏళ్లు పుస్తకాలు చదివాను, అట్టలు అట్టలుగా కాగితాలు అంటించాను. ఏం వస్తుంది, ఏం పోతుంది అని రెండు వైపుల నుంచీ వాయించాను. అది ఎవరి చేతికి వస్తుందని ఒక్క పరీక్షలో కూడా ప్రశ్న ఇవ్వలేదు. సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. ఇంత చిన్న ప్రశ్న రిటైరయ్యేలోగా దొరికింది కదా అనుకున్నాను.

తర్వాత అందరూ యంత్రాన్ని చూడటానికి తోటలోకి కదిలారు. చేతులు కడుక్కుని నేనూ వెళ్లాను. ఇంజనీరింగు అమ్మాయి యంత్రాన్ని ఒక చెట్టుకు బిగించి బొత్తాం నొక్కింది. బుర్రుమంటూ సగందాకా ఎక్కింది. అక్కడ చెట్టు కొంచెం వంపు తిరిగి ఉంది. చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. ఆ పిల్ల ఏ బొత్తాం నొక్కినా అది కదల్లేదు. "అయ్యో" అని జనం పాపం ఆమెకంటే ఎక్కువ బాధపడ్డారు. ఇది ఇక్కడే ఆగిపోతే నివేదికలో నేను ఏం రాసినా ఒకటే. రైతులు అప్పుడే వెనక్కి మళ్లుతున్నారు.

పెద్దాయన పాదాలకు తాడు వేసుకోవడం మొదలుపెట్టాడు, ఎక్కి దాన్ని దింపుకొద్దామని. ఆయన భార్య చూసింది. గబగబా వెళ్లి ఇంజనీరింగు అమ్మాయి చేతిలోంచి పెట్టె తీసుకుంది. అడిగి తీసుకోలేదు.

"మీరు ఆగండి. ఈ చెట్టు కాడ మీరు కూడా ఎడం పక్కకే కదా తిరుగుతారు" అంది భర్తతో.

యంత్రాన్ని రెండడుగులు కిందికి దింపింది. ఎడమ వైపు బొత్తాం ఏదని ఆ అమ్మాయిని అడిగి, పావు వంతు పక్కకు తిప్పింది. మళ్లీ పైకి పంపింది. వంపు దాటింది. అది చెట్టు తల దగ్గరి మొవ్వు దాకా వెళ్లాక, ఆవిడ పెట్టె మీది కెమెరా బొమ్మ వైపు చూడనైనా చూడకుండా, తల ఎత్తి చెట్టు వైపే చూస్తూ రంపం బొత్తాం నొక్కింది. గెల దబ్బుమని పడింది. ఒక కాయ ఒలిచి కొట్టారు. పూర్తిగా ముదిరిన కాయ.

ఇంజనీరింగు అమ్మాయి పుస్తకం తెరిచి "ఇంకే చెట్లకి ఆయన ఏ పక్కకి తిరుగుతారండీ?" అని అడుగుతోంది. ఆవిడ వేళ్లతో చూపిస్తూ ఒక్కో చెట్టు గురించీ చెబుతోంది. వచ్చే నెల కాలేజీకి వచ్చి పిల్లలకు చెప్పాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. బస్సు చార్జీ ఇస్తే వస్తానంది ఆవిడ.

రెండో నివేదికలో ఏడు అభ్యంతరాలు, నాలుగు షరతులు ఉన్నాయి. ఇద్దరు సంతకం పెట్టనన్నారు, ఆ సంగతీ రాశాను. మొదటిసారి నేను అడిగిన పద్ధతి తప్పని కూడా నా సంతకంతోనే రాశాను. డబ్బిచ్చే సంస్థవాళ్లు ఫోను చేసి, మొదట ఏకగ్రీవంగా వద్దన్నారని విన్నాం, ఇదేమిటని అడిగారు. అందరూ ఒకే మాట అన్న రోజు ఎవరూ నిజం చెప్పలేదని చెప్పాను. యంత్రం ఆ పదిహేను కుటుంబాల పేరనే వచ్చింది. ఏడాది అయ్యాక కూడా వెనక్కి పోలేదు. ఆవిడ మరో ఇద్దరికి నేర్పింది. ఆ రోజు గొంతు వణికిన కుర్రాడు అందులో ఒకడు.

ఆ ఆదివారం నేను బయల్దేరుతుంటే పెద్దాయన స్కూటరు దాకా వచ్చాడు. మిత్రుడు ముందే ఎక్కి కూర్చున్నారు, ఒళ్లో బజ్జీల పొట్లంతో. పెద్దాయన తువ్వాలుతో స్కూటరు అద్దం తుడుస్తూ అడిగాడు.

"మాస్టారూ, రిపోర్టు మార్చేస్తారాండీ?"

"మార్చాలి కదండీ. మొదటిది తప్పు."

"ఆయ్" అన్నాడు. తర్వాత నేలవైపు చూస్తూ అన్నాడు. "ఆ రోజు నేను చప్పట్లు కొట్టింది యంత్రం వద్దని కాదండి. పదిహేనో ఏట చెట్టెక్కేనండి. నా పాదాల గురించి ఒకరు మైకులో చెప్పడం అదే మొదలండి."

నేను సంచిలోంచి నివేదిక తీశాను.

"అంతా మార్చెయ్యండి. ఆ మాట మాత్రం ఉంచండి" అన్నాడు.

ఉంచాను. మొదటి నివేదికలోంచి రెండోదానిలోకి వచ్చిన వాక్యం అదొక్కటే.